1870–71 జర్మన్ యుద్ధ పతకాన్ని చదవడం ఎలా? అంచు నుంచి మొదలుపెట్టండి

జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్న మా అన్నయ్య కొడుకు సెలవులకి వస్తూ నాకో చిన్న పొట్లం తెచ్చాడు. "బాబాయ్, ఆదివారం సంతలో ఒక పెద్దాయన దగ్గర కొన్నా. నీకు పాత నాణేలంటే ఇష్టం కదా" అన్నాడు. విప్పి చూస్తే నల్లబడిన గుండ్రటి కంచు బిళ్ల, పైన చిన్న రింగు, రంగు వెలిసిన రిబ్బన్ ముక్క. నాణెం కాదు, పతకం. అయితే వాడి మాట పూర్తిగా తప్పు కూడా కాదు. జర్మన్లు దీన్ని "క్రీగ్స్‌డెంక్‌మ్యూంట్సె" అంటారు. క్రీగ్ అంటే యుద్ధం, డెంక్ అంటే తలుచుకోవడం, మ్యూంట్సె అంటే నాణెం. యుద్ధాన్ని గుర్తుచేసే నాణెం అన్నమాట.

ఇలాంటి పతకాలు ఈమధ్య మనవాళ్ల ఇళ్లలోకి బాగానే వస్తున్నాయి. అక్కడ చదువుకునే పిల్లలు సంతల్లో కొని తెస్తున్నారు, కొందరు ఆన్‌లైన్ వేలాల్లో కొంటున్నారు. వచ్చాక దాన్ని ఎలా చూడాలో తెలియక అద్దాల బీరువాలో పెట్టేస్తున్నారు. మీ చేతికి అలాంటిది వస్తే ఏ వరసలో చూడాలో, ఏది చూస్తే ఏం తెలుస్తుందో చెప్తాను.

ముందుగా: తోమకండి

మిగతావన్నీ తర్వాత. పాత కంచు చూడగానే మనకి చింతపండు గుర్తొస్తుంది. పూజ సామాను తోమినట్టు తోమేస్తే తళతళలాడుతుందనిపిస్తుంది. నేను మొట్టమొదట కొన్న పతకానికి అదే పని చేశాను. పది నిమిషాల్లో బంగారంలా మెరిసింది. నూటయాభై ఏళ్లుగా దాని మీద ఏర్పడిన గోధుమరంగు పొర మొత్తం పోయింది, దాంతోపాటు సన్న గీతలు కొన్ని అరిగిపోయాయి. ఆ పొర మురికి కాదు. గాలికి, చేతి చెమటకి, కాలానికి లోహం తన మీద తాను కప్పుకున్న దుప్పటి అది. పతకం వయసు చెప్పే సాక్ష్యం కూడా అదే. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి తోమే పొడి, టూత్‌పేస్ట్, ఏదీ వద్దు. దుమ్ము ఉంటే మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి, అంతే.

పట్టుకునేటప్పుడు అంచుల మీద పట్టుకోండి. కింద మెత్తటి తువ్వాలు పరుచుకోండి. ఒక భూతద్దం, చిన్న అయస్కాంతం, కొలిచే కాలిపర్, పగటి వెలుతురు పడే కిటికీ ఉంటే చాలు.

ఆ యుద్ధం గురించి ఈ మాత్రం తెలియాలి

పతకం చదవాలంటే యుద్ధం క్రమం తెలియాలి, తేదీలతో సహా. ముందుముందు ఈ తేదీలే మీకు పనికొస్తాయి.

1870 జులై 19న ఫ్రాన్స్ ప్రష్యా మీద, అంటే అప్పటి జర్మన్ రాజ్యాల్లో అన్నిటికన్నా పెద్దదాని మీద, యుద్ధం ప్రకటించింది. బవేరియా, వుర్టెంబర్గ్, బాడెన్ లాంటి దక్షిణ జర్మన్ రాజ్యాలు కూడా ప్రష్యా పక్కన నిలబడ్డాయి. ఆగస్టు 4న వైసెన్‌బుర్గ్, 6న వోర్త్, స్పిఖెర్న్, 16న వియోన్‌విల్, 18న గ్రావెలోట్. రెండు వారాల్లో ఇన్ని పోరాటాలు! గ్రావెలోట్ రోజున సాఁ ప్రివా ఊరి వాలు మీద ప్రష్యన్ గార్డ్ దళం కొద్దిసేపట్లోనే దాదాపు 8,000 మందిని పోగొట్టుకుంది. సెప్టెంబర్ 2న సెడాన్‌లో ఫ్రెంచ్ చక్రవర్తి మూడో నెపోలియన్ స్వయంగా పట్టుబడ్డాడు.

రాజు పట్టుబడితే ఆట అయిపోయినట్టే కదా అనుకుంటాం. అవ్వలేదు. పారిస్‌లో రిపబ్లిక్ ప్రకటించి ఫ్రెంచివాళ్లు మళ్లీ సైన్యాలు కూడగట్టారు. పారిస్ ముట్టడి సెప్టెంబర్ 19 నుంచి జనవరి 28 దాకా సాగింది. అక్టోబర్ 27న మెట్స్ కోటలో లక్షా డెబ్బై వేలకు పైగా ఫ్రెంచ్ సైన్యం లొంగిపోయింది. ఆ చలికాలమంతా ఉత్తరాన, లువార్ నది పొడుగునా, తూర్పున స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గరా పోరు నడిచింది. 1871 జనవరి 18న వెర్సాయ్ అద్దాల మందిరంలో ప్రష్యా రాజు మొదటి విల్హెల్మ్‌ని జర్మన్ చక్రవర్తిగా ప్రకటించారు. మే 10న ఫ్రాంక్‌ఫర్ట్ ఒప్పందం కుదిరింది. ఫ్రాన్స్ 500 కోట్ల ఫ్రాంకుల పరిహారం ఒప్పుకుంది, అల్సాస్‌ని, లొరేన్‌లో కొంత భాగాన్ని వదులుకుంది.

ఒప్పందం జరిగిన పది రోజులకే, మే 20న, విల్హెల్మ్ ఈ పతకాన్ని నెలకొల్పాడు. నిన్నటిదాకా ఎవరి రాజ్యం వాళ్లది, ఎవరి పతకం వాళ్లది. ఈ యుద్ధానికి మాత్రం ప్రష్యన్‌కైనా బవేరియన్‌కైనా ఒకటే బిళ్ల. కొత్త దేశం ఏర్పడిందని ఆ సైనికుడి ఛాతీ మీద కనిపించిన మొదటి గుర్తుల్లో ఇదొకటి.

ఇప్పుడు పతకాన్ని నిలబెట్టి అంచు చూడండి

అందరూ ముందు బొమ్మ వైపు చూస్తారు. నేను మాత్రం అంచు దగ్గరే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే ఈ పతకం అసలు కథ అక్కడుంది. పతకాన్ని వేళ్ల మధ్య నిలువుగా పట్టుకుని కిటికీ వెలుగులో మెల్లగా తిప్పండి. కంచు పతకమైతే ఆ సన్నటి అంచులో లోపలికి చెక్కిన అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. "ఔస్ ఎరోబెర్టెమ్ గెష్యూట్స్." అంటే "గెలుచుకున్న ఫిరంగి నుంచి."

అవును, పట్టుకున్న ఫ్రెంచ్ ఫిరంగులను కరిగించి ఈ బిళ్లలు ముద్రించారు. దీని వెనక ఇంకో సంగతి ఉంది. ఆ యుద్ధంలో ఫ్రెంచివాళ్ల మైదాన ఫిరంగులు చాలావరకు కంచువి, మూతి దగ్గర్నుంచి గుండు కూరేవి. ప్రష్యన్లవి క్రుప్ కంపెనీ తయారుచేసిన ఉక్కు ఫిరంగులు, వెనకనుంచి గుండు పెట్టేవి. అవి ఎక్కువ దూరం, ఎక్కువ గురిగా కొట్టాయి. సెడాన్ చుట్టూ కొండల మీద నిలబెట్టిన ఉక్కు ఫిరంగులే ఆ రోజు ఫలితం తేల్చాయి. అంటే మీ అరచేతిలో ఉన్న కంచు ఓడిన ఫిరంగి ముక్క. నాకు ఈ విషయం తెలిసిన రోజు ఆ పతకాన్ని చాలాసేపు చేతిలోంచి దించలేకపోయాను.

అదే కంచు ఇంకా ఎక్కడెక్కడికో వెళ్లింది. బెర్లిన్‌లో 1873 సెప్టెంబర్ 2న ఆవిష్కరించిన విజయ స్తంభానికి మూడు యుద్ధాల్లో పట్టుకున్న ఫిరంగి గొట్టాలను బంగారు పూతతో అలంకరించారు. కొలోన్ కెథడ్రల్‌కి 22 ఫ్రెంచ్ ఫిరంగులు కరిగించి సుమారు 27 టన్నుల గంట పోశారు. 1918లో ఆ గంటనీ యుద్ధం కోసమే కరిగించేశారు. స్తంభం బెర్లిన్‌లో ఇంకా ఉంది, కానీ చేత్తో పట్టుకుని చూసుకోవాలంటే ఈ 29 మిల్లీమీటర్ల బిళ్లే మనకి దారి.

అంచు మీద రాత లేకపోతే? వెంటనే నకిలీ అనేయకండి. పారేసుకున్నవాళ్లు బయట దుకాణాల్లో ఇంకోటి చేయించుకోవడం మామూలే. అప్పుడు మిగతా ఆనవాళ్లన్నీ మరింత జాగ్రత్తగా చూడాలి, అంతే. ఇంకో మాట. అంచు మీద సైనికుడి పేరు కోసం వెతకొద్దు. బ్రిటిష్‌వాళ్లు తమ యుద్ధ పతకాల అంచు మీద సైనికుడి పేరు, రెజిమెంట్ చెక్కించడం రివాజు, మన సిపాయిలకిచ్చిన వాటి మీద కూడా. ఈ జర్మన్ పతకం మీద పేరు ఉండదు.

అయస్కాంతం పెట్టండి

అతుక్కుంటే అది ఉక్కు పతకం. యుద్ధరంగంలో పోరాడినవాళ్లకి కంచు, పోరాడకుండా సేవ చేసినవాళ్లకి ఉక్కు. వైద్య సేవలో ఉన్నవాళ్లు, సైనిక ఉద్యోగులు, స్వదేశంలో విధుల్లో ఉన్నవాళ్లు ఈ రెండో రకం. ఉక్కుది తక్కువని చూడకండి. టైఫాయిడ్, మశూచి మధ్య పనిచేసినవాళ్ల పతకం అది. సేకరించేవాళ్లు చాలామంది కంచు వెంటే పడతారు గానీ, నాకు రెండూ ఒకటే.

ముందువైపు, వెనకవైపు

ముందువైపు మధ్యలో పెద్ద డబ్ల్యూ అక్షరం, దాని మీద కిరీటం. విల్హెల్మ్ పేరులోని మొదటి అక్షరం. దాని కింద కంచు పతకంలో "డేమ్ జీగ్‌రైహెన్ హేరె", అంటే "విజయం సాధించిన సైన్యానికి". ఉక్కు పతకంలో ఆ చోట "ఫ్యూర్ ప్ఫ్లిహ్ట్‌ట్రోయె ఇమ్ క్రీగె", అంటే "యుద్ధంలో కర్తవ్య నిష్ఠకి". లోహానికి, రాతకి పొత్తు కుదరాలి. ఉక్కు మీద సైన్యం రాత, కంచు మీద కర్తవ్యం రాత ఉంటే ఏదో తేడా ఉన్నట్టే.

చుట్టూ అంచు వెంబడి "గొట్ వార్ మిట్ ఉన్స్, ఈమ్ జై డీ ఏరె". "దేవుడు మనతో ఉన్నాడు, ఘనత ఆయనదే" అని అర్థం. ఈ వాక్యం 1871లో కొత్తగా పుట్టలేదు. నెపోలియన్‌తో పోరాడినవాళ్ల కోసం మూడో ఫ్రీడ్రిక్ విల్హెల్మ్ 1813 డిసెంబర్ 24న ఫ్రాంక్‌ఫర్ట్‌లో నెలకొల్పిన పతకం మీద ఇదే వాక్యం ఉంది. అదీ పట్టుకున్న ఫ్రెంచ్ ఫిరంగుల కంచే. వెనకవైపు శిలువ, దాని చేతుల మధ్య కిరణాలు, నడుమ ఆకుల దండలో సంవత్సరం ఉండే తీరు కూడా అక్కడిదే. 1871లో కొడుకు విల్హెల్మ్ తండ్రి పతకం నమూనానే మళ్లీ తీసుకున్నాడు. మొదటి నెపోలియన్‌ని ఓడించిన తాతల పతకం, మూడో నెపోలియన్‌ని పట్టుకున్న మనవళ్ల పతకం పక్కపక్కన పెడితే ఒకే పోలిక కనపడాలని దాని ఉద్దేశం.

ఆ పోలిక వల్ల కొత్తవాళ్లు రెండిటినీ కలిపేసుకుంటారు. తేల్చుకోవడం సులువే. పాతదాని మీద కిరీటం కింద ఎఫ్, డబ్ల్యూ రెండు అక్షరాలుంటాయి. ఇంకో చిన్న గుర్తు కూడా ఉంది. పైన చెప్పిన వాక్యంలో "జై" అనే మాటని పాతదాంట్లో చివర వై అక్షరంతో రాశారు, 1871 దాంట్లో ఐ అక్షరంతో. ఈ నడిమి అరవై ఏళ్లలో వర్ణక్రమం మారింది మరి. భూతద్దం పెట్టి ఆ ఒక్క అక్షరం చూడండి.

వెనకవైపు మధ్యలో 1870, 1871 సంవత్సరాలుంటాయి. ఇక్కడ చూడాల్సింది అరుగుదల. ఛాతీకి రాసుకుని రాసుకుని ఎత్తుగా ఉన్న చోట్లే ముందు అరుగుతాయి. పల్లంలో ఉన్న కిరణాలు మొద్దుబారి, ఎత్తున ఉన్న శిలువ అంచులు పదునుగా ఉన్నాయంటే అది అరుగుదల కాదు, అచ్చు పోసిన నకలు కావచ్చు. అక్షరాల మధ్య ఖాళీలో బుడగల్లాంటి గుంటలు కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. అసలైనవి కరిగించి అచ్చులో పోసినవి కాదు, డై అనే గట్టి ఉక్కు ముద్రతో కొట్టి ముద్రించినవి, వాటి మీద ఆ గుంటలు రావు.

రిబ్బన్

కంచు పతకానికి రెండు అంచులూ నలుపు, లోపలికి తెలుపు, నడిమధ్యలో ఎరుపు గీత. ఉక్కుదానికి నలుపు, తెలుపు చోట్లు మారతాయి. అప్పటి జర్మన్ జెండా రంగులే ఈ మూడూ. రిబ్బన్ చిరిగిపోతే కొత్తది వేసుకోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కాబట్టి రిబ్బన్ ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పొద్దు. అయినా పాత ముక్క ఎంత చిరిగినా పారేయకండి.

రిబ్బన్ మీద పట్టీలుంటే

ఇక్కడ కాస్త ఓపిగ్గా కూర్చోవాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

యుద్ధమైన ఇరవై అయిదేళ్లకి, 1895 మే 18న, మనవడు రెండో విల్హెల్మ్ ఈ పతకానికి యుద్ధ పట్టీలు మంజూరు చేశాడు. సేకరించేవాళ్లు క్లాస్పులంటారు. రిబ్బన్‌కి అడ్డంగా తొడిగే సన్నటి లోహపు బద్దీ, దాని మీద యుద్ధం పేరు. వైసెన్‌బుర్గ్, స్పిఖెర్న్, సెడాన్, మెట్స్, పారిస్ ఇలా అధికారికంగా 25 పేర్లు. సైనికుడు ఎక్కడ పోరాడాడో ఆ పేర్లన్నీ పెట్టుకోవచ్చు. అయితే కొనుక్కోవాల్సింది సొంత డబ్బుతోనే. ఈ ముక్క గుర్తుంచుకోండి. పట్టీలు లేనంత మాత్రాన ఆ సైనికుడు ఎక్కడా పోరాడలేదని కాదు. 1895కి ముందే చనిపోయి ఉండొచ్చు, కొనే స్తోమత లేకపోయి ఉండొచ్చు.

పట్టీలుంటే మాత్రం అవి ఒక మనిషి నడిచిన దారిపటం. యుద్ధం క్రమం తెలిసిఉంటే ఏ సైన్యంతో వెళ్లాడో ఇలా పట్టుకోవచ్చు.

వైసెన్‌బుర్గ్, వోర్త్, సెడాన్, పారిస్ కలిసి ఉంటే యువరాజు ఫ్రీడ్రిక్ నడిపిన మూడో సైన్యంతో వెళ్లినవాడు. బవేరియన్లు చాలామంది ఆ దారిలో నడిచారు. వియోన్‌విల్, గ్రావెలోట్, మెట్స్, ఓర్లియాఁ, లె మాఁ ఉంటే ఫ్రీడ్రిక్ కార్ల్ రాకుమారుడి రెండో సైన్యం. వాళ్లు మెట్స్ లొంగాక అక్కడ్నుంచి పశ్చిమానికి మంచులో నడిచి వెళ్లారు. అమియాఁ, హాల్యూ, బపోమ్, సాఁ కాంతాఁ ఉంటే ఉత్తరాన పోరాడిన మొదటి సైన్యం. స్ట్రాస్‌బుర్గ్, లిజేన్, బెల్ఫోర్ అయితే తూర్పున జనరల్ వెర్డెర్ కింద ఉన్నవాడు.

నకిలీ జోడింపుల్ని పట్టేది కూడా ఈ దారిపటమే. ఎక్కువ పట్టీలుంటే ఎక్కువ ధర వస్తుందని అమ్మేవాళ్లు దొరికిన పట్టీలన్నీ ఒకే రిబ్బన్‌కి ఎక్కించేస్తుంటారు. లె మాఁ పోరాటం 1871 జనవరి 10 నుంచి 12 వరకు, ఫ్రాన్స్‌కి పశ్చిమాన. లిజేన్ నది దగ్గర పోరాటం 15 నుంచి 17 వరకు, దేశానికి ఆ చివర, తూర్పున. సాఁ కాంతాఁ 19న, ఉత్తరాన. ఈ మూడూ ఒకే రిబ్బన్ మీద కనిపిస్తే, ఆ గడ్డకట్టే చలిలో తొమ్మిది రోజుల్లో ఒక మామూలు సైనికుడు ఫ్రాన్స్ మూడు కొసలూ చుట్టి మూడు యుద్ధాలు చేశాడని నమ్మాలి. నమ్మొద్దు. అలాగే సాఁ కాంతాఁ రోజునే, జనవరి 19న, పారిస్ బయట మోఁ వలేరియాఁ పోరాటం జరిగింది. ఆ రెండు పేర్లూ పక్కపక్కన ఉంటే కొనే ముందు ఆగండి. కాగితం మీద రెండు నిలువు వరసలు గీసి, ఒకదాంట్లో తేదీలు, ఇంకోదాంట్లో ఊళ్లు రాసి, పక్కన మ్యాప్ పెట్టుకోండి. పావుగంట పని.

పట్టీలు పోరాడినవాళ్ల కోసం పెట్టినవి. ఉక్కు పతకం మీద కనిపిస్తే కారణం ఏమిటో అడగాల్సిందే. అధికారిక జాబితాలో లేని పేర్లతో కూడా పట్టీలు చేయించుకున్నారు. పేరు జాబితాలో లేదంటే అది నకిలీ అని కాదు, అధికారికం కాదని మాత్రమే.

పక్కన వేరే పతకాలు కూడా వస్తే

ఒకే కడ్డీకి నాలుగైదు పతకాలు వరసగా కుట్టి ఉంటే అదృష్టమే. దేన్నీ విడదీయకండి. 1866 శిలువ పక్కన ఉంటే ఆయన అంతకుముందు ఆస్ట్రియాతో జరిగిన యుద్ధానికీ వెళ్లాడని అర్థం. దాని మీద "కోనిగ్‌గ్రేట్స్" అని ఉంటే జులై 3 నాటి పెద్ద యుద్ధంలో ఉన్నాడు. పసుపు రిబ్బన్‌తో 40 మిల్లీమీటర్ల పెద్ద కంచు బిళ్ల ఉంటే అది 1897 శతజయంతి పతకం, మొదటి విల్హెల్మ్ పుట్టి నూరేళ్లయిన సందర్భంగా ఇచ్చింది. దాన్నీ ఫిరంగి కంచుతోనే చేశారు. దాన్ని పాత సైనికులతో పాటు ఆనాటికి కొలువులో ఉన్నవాళ్లకీ ఇచ్చారు. కాబట్టి అది ఒక్కటే దొరికితే యుద్ధానికి వెళ్లాడని చెప్పలేం. దాన్ని 1870 పతకం పేరుతో అంటగట్టేవాళ్లుంటారు, సైజు కొలిచి చూడండి.

దాచడం

నేనుండేది విశాఖలో. సముద్రపు గాలికి ఉక్కు పతకం ఒక్క వానాకాలంలో తుప్పు పట్టగలదు. చేత్తో తాకాక మెత్తటి గుడ్డతో తుడిచి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. పొట్లాన్ని రెండు మూడు నెలలకోసారి మార్చండి. నాణేల కోసం అమ్మే మెత్తటి పీవీసీ కవర్లలో కంచు పెట్టొద్దు. కొన్నేళ్లకి జిగురుగా మారి పచ్చటి మచ్చలు పడతాయి. కంచునీ ఉక్కునీ వేరువేరు అరల్లో పెట్టండి.

చివరి పని: కార్డు రాయండి

ప్రతి పతకానికీ ఒక కార్డు. లోహం, వ్యాసం, అంచు మీద ఏముంది, రిబ్బన్ పాతదా కొత్తదా, పట్టీల పేర్లు, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఏ ఊళ్లో కొన్నారు. ఈ చివరి వివరం చాలామంది రాయరు. కానీ పతకంతో పాటు దాన్ని పొందినట్టు ధ్రువీకరించే కాగితం కూడా ఇచ్చేవాళ్లు. ఆ కాగితం మీదే మనిషి పేరు, రెజిమెంట్ ఉంటాయి. పతకం నుంచి కాగితం విడిపోతే మళ్లీ కలవడం కష్టం, ఒకే ఇంటి సామానులో రెండూ ఉండగానే అడగాలి.

మా అన్నయ్య కొడుకు తెచ్చిన పతకం కార్డు నా ముందే ఉంది. కంచు. 29 మిల్లీమీటర్లు. అంచు మీద రాత పూర్తిగా ఉంది, ఒక చోట అరిగింది. రిబ్బన్ పాతదే. పట్టీలు మూడు: అమియాఁ, హాల్యూ నది దగ్గర, సాఁ కాంతాఁ. నవంబర్ 27, డిసెంబర్ 23–24, జనవరి 19. మూడూ ఉత్తరానివే, తేదీలు కుదిరాయి. క్రిస్మస్ ముందు రోజు ఆ మనిషి గడ్డకట్టిన హాల్యూ వాగు ఒడ్డున ఉన్నాడు. పేరు అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది. ఆ పెద్దాయన దగ్గర పాత కాగితాల పెట్టె ఏమైనా ఉందేమో అడగమని వాడికి ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం వెళ్తానన్నాడు.